మొదటి ముద్రణ

నిన్న రాత్రి ఇంటర్నల్స్ పేపర్లు దిద్దుతూ ఒక జర్మన్ బ్యాండ్ వింటున్నాను. పేరు ఒమేగా మాసిఫ్. వూర్జ్‌బర్గ్ ఊరి వాళ్లు. 2007లో 'గైస్టర్‌స్టాట్', 2011లో 'కార్పాటియా', ఇవి రెండే పూర్తి ఆల్బమ్‌లు. 2014లో బ్యాండ్ ఆగిపోయింది. అయినా ఆ పాత ఆల్బమ్‌లు మళ్లీ ఎల్పీలుగా అచ్చవుతున్నాయి. వాయించేవాళ్లు విడిపోయినా వినేవాళ్లు వదల్లేదు.

స్లడ్జ్, డూమ్ మెటల్ అంటారు దీన్ని. నిదానంగా, బండరాయి దొర్లినట్టు సాగుతుంది. ఒక్క మాట కూడా ఉండదు. "తెలుగు సారు వినేదేనా ఇది?" అని నవ్వుతారు మా స్టాఫ్‌రూమ్‌లో. ఏం చెప్పను? మాటలు చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. మాటల్లేని చోట నాకు మా తాత గుర్తొస్తాడు.

ఈ సంగీతానికి మూలం బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. 17 ఏళ్ల వయసులో మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు తగ్గించి వాయించాడు. డూమ్ బరువంతా ఆ వదులు తీగల్లోంచి వచ్చిందే.

మా తాత దీనికి తిరగేసి. గడ్డిమంట మీద డప్పు కాచి తోలు బిగించేవాడు. చింతగింజల బంకతో తోలు అంటించడం దగ్గర్నుంచి అంతా ఆయన చేతిపనే. పెళ్లికో దరువు, జాతరకో దరువు, చావుకో దరువు.

ఎల్పీ తయారీ గురించి చదువుతుంటే ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. బరువైన కింది స్వరాలకు రికార్డు మీద గాడి వెడల్పుగా కావాలట. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటితే శబ్దం తగ్గించాలి, లేదా రెండో రికార్డు వేయాలి. బరువైన శబ్దానికి చోటు ఎక్కువ కావాలి. ఊరి చివర చోటిచ్చి, చప్పుడు మాత్రం ఊరంతా వినపడాలన్నారు మావాళ్లను.

ఇంకో సంగతి. పునర్ముద్రణకు మొదటి రికార్డింగ్ భద్రంగా ఉండాలి. అదుంటే యాభై ఏళ్ల తర్వాతైనా కొత్త అచ్చు తీయొచ్చు. లేకపోతే ఎంత డబ్బున్నా లాభం లేదు.

డిగ్రీలో ఉన్నప్పుడు నా ఫోన్‌లో రికార్డర్ ఉండేది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం తాత వాకిట్లో డప్పు కాచి చూస్తున్నాడు. నేను హాస్టల్ ఫ్రెండ్‌తో ఫోన్లో ఉన్నాను. ఆ చప్పుడు వాడికి వినపడకూడదని తలుపేసుకున్నాను. వినపడితే మేమెవరమో తెలిసిపోతుందని.

తర్వాత రెండేళ్లకు తాత పోయాడు. నేను పీహెచ్‌డీ చేశాను. దళిత కవిత్వంలో డప్పు ప్రతీక గురించి ఒక అధ్యాయమే రాశాను. వైవాలో మెచ్చుకున్నారు. ఆ అధ్యాయంలో మా తాత దరువు ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? అది ఎక్కడా అచ్చు కాలేదు.

ఊళ్లో చావులకు ఇక కొట్టబోమని మా వాడ తీర్మానించుకున్నప్పుడు నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడూ ఎత్తుతాను. వెట్టి పోవాల్సిందే. కానీ వెట్టితోపాటు విద్య కూడా పోతుంటే చూస్తూ ఊరుకున్నాం. అవమానం వాళ్లు అంటగట్టింది. దరువు మాత్రం మనది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ వాడలో ఒక్క పెద్దాయనైనా మిగిలుంటాడు. ఈ ఆదివారం వెళ్లండి. ముందు అడగండి, ఒప్పుకుంటేనే ఫోన్ తీయండి. ఆయన పేరు, ఊరు, తేదీ, ఏ దరువు ఏ సందర్భానిదో ఆయన నోటితోనే చెప్పించండి. నాలుగు చోట్ల దాచండి.

నేను తలుపేసుకున్నాను. మీరు వేసుకోకండి.

జై భీమ్.