మగోడు ఏడవద్దా?

నేను నాలుగో తరగతి చదివినోణ్ణి. ముంబై మిల్లులో, తర్వాత భివండి సాంచాల మీద బతికి, ఇప్పుడు మా సిరోంచకు వచ్చి ఉంటున్న. నేను చేసిన ఒక తప్పు చెప్పుకుందామని రాస్తున్న.

మా చెల్లె కొడుకు గడ్చిరోలి జిల్లా పోలీసు. మా దిక్కు పోలీసు నౌకరీ అంటే ఇల్లు నిలబెట్టే నౌకరీ. నక్సలైట్ల కోసం అడవిలోకి పోయే సీ-60 దళం 1990లో పెట్టారు. అడవి తెలిసిన ఈ జిల్లా పిల్లలనే అందులోకి తీసుకుంటరు. పేరు పెద్దదే, ప్రాణానికి గండం కూడా పెద్దదే. 2009 అక్టోబరులో లాహేరి దగ్గర 17 మంది పోలీసులు పోయారు. 2019 మే 1న, మనం ఎర్రజెండా ఎగరేసే రోజే, కుర్ఖేడా తాలూకాలో రోడ్డు కింద మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల బండి డ్రైవరు చనిపోయారు. అందులో మావాడికి తెలిసినవాళ్లు ఉన్నారు.

అప్పటి నుంచి వాడు సెలవు మీద వచ్చినా సరిగా మాట్లాడడు. రాత్రి నిద్ర పోడు, వాకిట్లో కూసుంటడు. తాగుడు పెరిగింది. "పోలీసోడు కదా, గట్టిగనే ఉంటడు" అని మేము పట్టించుకోలేదు.

2023లో ఒక పెండ్లికి ఆలాపల్లి రోడ్డు మీద అందరం ఆటోలో పోతున్నం. మోరి రాగానే వాడు ఆటో ఆపించి దిగిండు. కిందికి వంగి చూసి, నడిచి దాటిండు. తర్వాత మోరి కాడా అంతే. ఆటోలో ఉన్నోళ్లు నవ్విండ్రు. నేను కూడా "ఏందిరా, తుపాకి పట్టినోడివి, మగోడివి, గింత భయమా?" అన్న. వాడు ఏం అనలేదు. పెండ్లి భోజనం కూడా ముట్టలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సంగతే యాదికొచ్చింది. 1982 జనవరి 18న ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపినం. నెలలు గడిచినయి, చేతిలో పైసా లేదు. ఇంటికి మాత్రం "నేను క్షేమం" అని ఉత్తరం రాసేవాణ్ణి. చాల్‌లో నల్లా ఇడిచిపెట్టి, ఆ చప్పుడులో ఏడ్చేవాణ్ణి. ఒకనాడు మా గదిలో ఉండే పెద్దమనిషి చూసిండు. ఎందుకు ఏడుస్తున్నవని అడగలేదు. చాయ తాగుదాం రమ్మని తీసుకపోయి, "నేను నిన్న ఏడ్చిన" అన్నడు. నేను బతికింది ఆ ఒక్క మాట మీదనే.

తెల్లారి మా మేనల్లుడి పక్కన కూసోని ఈ కథంతా చెప్పిన. నలభై ఏండ్లు భార్యకు కూడా చెప్పలేదని చెప్పిన. వాడు చానాసేపు ఊకున్నడు. తర్వాత "మామా, క్యాంపుల చెప్తే పిరికోడంటరు, ఇంట్ల చెప్తే అవ్వ ఏడుస్తది. ఎవలకు చెప్పాలె?" అన్నడు. చెప్పుకుంటా ఏడ్చిండు. నేను ఆపలేదు.

తర్వాత 14416 నంబరుకు ఫోన్ చేయించిన. 2022లో సర్కారు పెట్టిన టెలీ మానస్ అది. పైసలు పడవు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగులో, మరాఠీలో మాట్లాడుతరు. వాళ్లు చెప్పినట్టు డాక్టరు దగ్గరికి కూడా పోయినం. పూర్తిగా నయమైందని చెప్పను. తాగుడు తగ్గింది, కొంచెం నిద్ర పోతుండు. మోరి కాడ ఇప్పటికీ దిగుతడు. ఇప్పుడు నేనూ దిగి, వాడితో కలిసి నడుస్త.

మనం మగపిల్లలు పడితే "ఆడపిల్ల లెక్క ఏడుస్తవా" అని పెంచినం. అదే మాట వాళ్ల నోరు కట్టేసింది. మీ ఇంట్ల పోలీసుంటే, మిల్లు మూతపడి కూసున్నోడుంటే, ముందు మీ బాధ మీరు చెప్పండి. అప్పుడు వాళ్లు చెప్తరు.

రాతలో తప్పులుంటే మన్నించండి.