రెండోసారి చూచిన బొమ్మ

సినిమాకు పోయి ఏడ్చి రావడం ఆడవాళ్ళ పని అనుకొనేవాణ్ణి. 2018 డిసెంబరులో మారికుప్పం బండెక్కి, మనవరాలితో బెంగుళూరు పోయి, శంకర్ తీసిన ‘2.0’ చూచి నేనే ఏడ్చాను. చదువరులు నవ్వితే నవ్వండి. 2010లో వచ్చిన ‘రోబో’కు అది తరువాయి. సెల్ టవర్ల వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయని మొత్తుకొని, వినే నాథుడు లేక, టవర్‌కే ఉరి వేసుకొన్న పక్షిశాస్త్రజ్ఞుడి కథ. మా రాబర్ట్‌సన్‌పేట ఇంట్లో పిచ్చుకలు కనబడక అప్పటికే చాలా ఏండ్లయింది. కారణం దొరికిందనుకొన్నాను.

అనుకొని ఊరుకోవచ్చు గదా! వెనుకవీధిలో టవర్ వేయబోతుంటే అర్జీ వ్రాసి, ఇంటింటికీ తిరిగి నలభై సంతకాలు పెట్టించాను. వాళ్ళు మానుకొన్నారు. పిచ్చుకలు మాత్రం రాలేదు. రెండేండ్ల తరువాత ఒక వానరాత్రి మా ఆవిడకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఫోను పట్టుకొని వీధి చివరిదాకా పరుగెత్తితేగాని సిగ్నల్ గీత కనబడలేదు. ఎలాగో ప్రాణం దక్కింది. ఆ సంతకాల మాట ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. ఎత్తివుంటే బాగుండేది.

మొన్న సెలవుల్లో మనవరాలు ఇంట్లోనే ఆ సినిమా పెట్టింది. ఇప్పుడామెకు పదిహేనేండ్లు. చిట్టి చేసే హంగామా యీసారీ బాగానే ఉంది. రజనీకాంత్ నడక చూస్తే నాకింకా ఈల వేయాలనిపిస్తుంది. కాని చివర్లో, పావురాల మీదెక్కి వచ్చిన బుల్లి రోబోలు ఆ పిట్టల్నే చంపుతామని ముసలాయన్ని బెదిరించే చోట, ఆమె బొమ్మ ఆపింది.

“తాతా, దీనికి అప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు, జ్ఞాపకముందా?”

“ఉంది.”

“టవర్ల వల్లనే చచ్చాయని ఎక్కడ రుజువు చేసినారు?”

వెదకి చూస్తే నాకూ కనబడలేదు. మంచి శక్తి, చెడు శక్తి అన్నారు. మిగిలినదంతా కన్నీళ్ళు. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల నివేదిక ప్రకారం, పిచ్చుకలు దేశం మొత్తం మీద పాతికేండ్లుగా ఇంచుమించు నిలకడగానే ఉన్నాయి, పెద్దనగరాల్లో తగ్గాయి. పిల్లలకు పెట్టే పురుగులు, గూటికి చోటు కరువవడం కారణం కావచ్చునట. టవర్ల మాటకు గట్టి ఆధారం లేదట. మా పెంకుటిల్లు పడగొట్టి మిద్దె కట్టించిందెవరు? నేనే.

ఇంకో సిగ్గు కూడా ఉంది. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాడు. 1965లో ఆ గనిలోనే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలసి, వాయుమండలంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. వేరే కణాలు వచ్చి మోసపుచ్చకుండా అంత రాతిని అడ్డం పెట్టుకొన్నారు. ఒక్క గుర్తు కోసం ఎన్నాళ్ళయినా కాచుకొని కూర్చొనేవాళ్ళని నాయన చెప్పేవాడు. ఆయన కొడుకునై నేను రెండున్నర గంటల్లో తేల్చేశాను.

సోమవారం నాడు టవర్ కావాలని అర్జీ వ్రాశాను. మొదటి సంతకం మా ఆవిడదే. పెట్టి, కలం మూత బిగిస్తూ అడిగింది:

“అప్పుడు నలభై అన్నారు. యీసారి ఎన్నిళ్ళు తిరగాలి?”