గాయం మీద అల్లుకునే పోగులు



మన వైపు తెగని చెయ్యి అరుదు. కోరుట్లలో బీడీల కోసం తునికాకు కత్తిరించే కత్తెర, జగిత్యాల చేన్లల్లో కొడవలి, సిరిసిల్లలో సాంచా. తెగితే పసుపో, కాఫీ పొడో అద్దుతాం. చాలాసార్లు ఆగుతుంది. కానీ గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం పల్చబడే గోలీలు మింగేవాళ్లు ఇప్పుడు మన సంఘాల్లోనూ ఉన్నారు. మొన్న ఒక పెద్దమ్మ కూరగాయలు కోస్తూ వేలు కోసుకుంది. గుడ్డ తడిసిపోతుంటే భయపడి ఫోన్ చేసింది: "అయ్యగారూ, గీ గోలీలు బందు జేద్దునా?"

వద్దమ్మా, డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దన్నాను. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టమన్నాను. (మనవాళ్లు నిమిషానికోసారి ఎత్తి చూస్తారు, అదే చిక్కు.) ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి.

ఈ విషయమై చదువుతుంటే ఒక సంగతి నన్ను పట్టుకుంది. అమెరికాలోని ఎంఐటీలో షుగువాంగ్ ఝాంగ్ అనే శాస్త్రవేత్త, 1990ల ఆరంభంలో ఈస్ట్‌లోని ఒక ప్రోటీన్‌ను పరిశీలిస్తూ, తమంతట తామే పోగులుగా అల్లుకునే పెప్టైడ్లను కనుగొన్నాడు. పెప్టైడ్ అంటే ప్రోటీన్‌లో చిన్న ముక్క లాంటిది. వాటిలో రాడా16 అనేదానికి 16 అమైనో ఆమ్లాలే. రక్తం తగలగానే వలలా అల్లుకుని గాయాన్ని కప్పుతుంది. పడుగూ పేకా లేని నేత! 2006లో జంతువుల మీద పరీక్షిస్తే 15 సెకన్లలోపే రక్తం ఆగింది.

తర్వాత ఐర్లాండ్‌లో మనుషుల చర్మంపై చూశారు. 46 మంది, ఒక్కొక్కరికి రెండు చిన్న గాయాలు. ఒకదానికి ఈ పెప్టైడ్ మందు, రెండోదానికి మందు లేని ఉత్త ద్రావణం. వారిలో పదిమంది మన పెద్దమ్మలాగే రక్తం గడ్డకట్టనివ్వని గోలీలు వాడేవాళ్లు. మందు వేసినచోట సుమారు 40 శాతం తక్కువ సమయంలో రక్తం ఆగింది.

నాకు నచ్చింది ఆ రెండో గాయం. అది లేకపోతే ఆగింది మందువల్లనో, దానంతటదేనో ఎవరు చెప్పగలరు? ఇద్దరు సాక్షులు కావాలన్న ధర్మశాస్త్రం గుర్తొచ్చింది. మార్కు 5వ అధ్యాయంలోని స్త్రీ పన్నెండేళ్లు వైద్యులకు ఉన్నదంతా పెట్టింది, ఇంకా క్షీణించింది. "ఈ మందు ముందే పరీక్షించి చూశామమ్మా" అని ఆమెతో ఒక్కరైనా అని ఉంటారా?

ఇట్లాంటి గోలీలు వాడేవాళ్లు వచ్చే ఆదివారం డాక్టరు రాసిన చీటీ తెచ్చుకోండి. గోలీ పేరు పెద్ద అక్షరాలతో కాగితంమీద రాసిస్తాను. బైబిలు కవర్లో పెట్టుకోండి.