పొగ గుర్తు

వియత్నాం యుద్ధంలో సెస్నా బర్డ్ డాగ్ అనే చిన్న విమానం నడిపినవాళ్ల ముందు జెట్ పైలట్లు నా కంటికెందుకో ఆనరు. 213 హార్స్‌పవర్ ఇంజను, పల్చటి రేకు ఒళ్లు. రెక్కల కింద తెల్ల పొగ రాకెట్లున్నా అవి జెట్లకు గురి చూపించడానికే. ఒక రేడియోలో కింది సైనికులు, ఇంకోదాంట్లో జెట్లు; వాళ్లు చెప్పేది కిటికీ అద్దం మీదే గ్రీజు పెన్సిల్‌తో రాసుకుంటూ విమానం నడపాలి. (నాకైతే ఫోన్ మాట్లాడుతూ కూర తరగడమే రాదు.) నెమ్మదిగా ఎగిరితేనే చెట్ల సందుల్లో మనిషి ఆనవాలు దొరికేది, ఆ నెమ్మదే కింది తుపాకులకు అలుసు. అయినా చాలాసార్లు శత్రువు కాల్చకుండా నక్కి ఉండేవాడు. కాలిస్తే చోటు తెలిసిపోతుంది, వెనకే జెట్లు దిగుతాయి. సరే, పొగ పడ్డ చోట ఉన్నది సైనికులో, ఊరివాళ్లో ఆ ఎత్తు నుంచి ప్రతిసారీ తెలిసేదా? వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోబోయి నేను ఆగేది అక్కడే.