జడకోపు

టౌనులో డాన్స్ క్లాసంటే బ్యాచ్‌లు: పిల్లలకు కూచిపూడి, పెద్దలకు జుంబా. మా గుర్రంకొండ వైపు పల్లెల్లో చెక్కభజనకైనా, కోలాటానికైనా రామాలయం ముందరి జాగానే స్టూడియో. రాత్రి సంగటి తిన్నాక మొదలు. తాతా మనవడూ ఒకే వరస.

వాటిలో జడకోపు చూడాలి. పైనుంచి వేలాడే తాళ్లు తలా ఒకటి పట్టుకుని, ఒకరికి లోపలగా, మరొకరికి బయటగా దాటుతూ జడ అల్లుతారు. మళ్లీ అవే అడుగులు వెనక్కి వేసి విప్పాలి. ఒక్కరు తడబడినా చిక్కే; గురువు పాట ఆపేసి అందరినీ నిలబెడతాడు. పిల్లలు నవ్వుతారు, పెద్దలు విసుక్కుంటారు.

కూచిపూడి తక్కువేం కాదు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లలకు నేర్పారు. అంతకుముందు అదీ ఎక్కువగా మగవాళ్ల మేళాలదే. కోలాటంలోనూ అదే మార్పు: ఇప్పుడు తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే జట్లలో చాలామంది ఆడవాళ్లే.