ఈత రాని నేను నీటిలో, ఈత వచ్చిన బావగారు పడవలో



అమెరికాలో ఉన్న పిల్లల వద్దకు వెళ్ళే మన వయసు తల్లిదండ్రులకు ఇటీవల ఒక కొత్త ప్రయాణం తోడైంది. నయాగరా, వాషింగ్టన్ చూడడం పూర్తయ్యాక పిల్లలు క్రూయిజ్ టిక్కెట్లు కొంటున్నారు. ఫ్లోరిడా రేవులో పెద్ద ఓడ ఎక్కి, ఏడు రాత్రులు కరేబియన్ సముద్రంలో విహరించి, తిరిగి అదే రేవులో దిగడం ఇందులోని పద్ధతి. ఓడ ఆగిన ప్రతి దీవిలోనూ విడిగా రుసుము చెల్లించి చేసే విహారాలు ఉంటాయి. కాటమరాన్ పడవపై సముద్రంలోకి వెళ్ళి, కళ్ళకు అద్దం, నోటికి గొట్టం తగిలించుకొని, నీటిపై తేలుతూ చేపలను, తాబేళ్ళను చూసే స్నార్కెలింగ్ వాటిలో ఒకటి. మీ పిల్లలు కూడా రేపో మాపో దీనిని మీకు బహుమతిగా ఇవ్వవచ్చు. "ఈత రాకపోయినా ఫరవాలేదు నాన్నా, లైఫ్ జాకెట్ ఇస్తారు" అని ధైర్యం చెబుతారు. ఆ మాట నిజమే, కాని సగం నిజం మాత్రమే. మిగిలిన సగం ఈతకు సంబంధించినది కాదు, గుండెకు, ఊపిరితిత్తులకు సంబంధించినది.

గత శీతాకాలంలో మా అమ్మాయి, అల్లుడు నలుగురు పెద్దలకు ఈ విహారం ఏర్పాటు చేశారు. నేను, నా భార్య, మా వియ్యంకులు. నాకు ఈత రాదు. డెబ్బై నాలుగేళ్ళ జీవితంలో నడుము లోతు మించి ఏ నీటిలోనూ దిగలేదు. మా వియ్యంకుడు బావగారు గోదావరి కాలువలో ఈదుతూ పెరిగిన మనిషి. అవతలి గట్టుకు పోయి మామిడికాయలు తెచ్చిన కథలు ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను. నాలుగేళ్ళ క్రితం ఆయనకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. తరువాత తీసిన ఎకో పరీక్షలో గుండె పంపింగ్ శాతం నలభైకి లోపే ఉన్నది. సాధారణంగా అది 55 పైన ఉండాలి. ఓడలో మెట్లు ఎక్కుతూ రెండో అంతస్తు వద్ద ఆగి, గోడకు తగిలించిన బొమ్మలను శ్రద్ధగా చూసేవారు. ఆ శ్రద్ధకు కారణం చిత్రకళ కాదని నాకు తెలుసు. (ఈ సంగతులన్నీ ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.)

మేము స్నార్కెలింగ్ చేయవలసిన చోటు సెయింట్ థామస్ దీవి. అది అమెరికన్ వర్జిన్ దీవులలో ఒకటి. 1917లో అమెరికా ఈ దీవులను డెన్మార్క్ నుండి రెండున్నర కోట్ల డాలర్లకు కొన్నది. అమెరికా జెండా ఎగురుతున్నా అక్కడ వాహనాలు మన దేశంలో వలెనే రోడ్డుకు ఎడమ వైపున నడుస్తాయి. ముందురోజు సాయంత్రం విహారానికి సంబంధించిన కాగితం ఒకటి మా చేతికి వచ్చింది. గుండె జబ్బు ఉన్నదా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నదా, ఏ మందులు వాడుతున్నారు అనే ప్రశ్నలు. బావగారు కలం తీసి అన్నిటికీ "లేదు" అని గీత పెట్టబోయారు.

నేను వారించాను. వియ్యంకునికి వద్దని చెప్పడం ఎంత కష్టమో తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. ఆయన నవ్వుతూనే అన్నారు: "బావగారూ, మీకు బకెట్ నీళ్ళంటేనే భయం. మీరు సముద్రంలో దిగుతారట, కాలువ ఈదిన నేను మాత్రం ఒడ్డున కూర్చోవాలట. ఇదెక్కడి వైద్యం?"

ప్రశ్న న్యాయమైనదే. ఆ రాత్రి ఆయనకు చెప్పిన సమాధానాన్నే ఇక్కడ మీకు కొంచెం వివరంగా చెబుతాను.

మనం మెడ వరకు నీటిలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడి కాళ్ళను, పొట్టను అన్ని వైపుల నుండి నొక్కుతుంది. అక్కడి సిరలలో నిలిచి ఉన్న రక్తం సుమారు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు ఛాతీలోకి తరలివస్తుంది. ఆరోగ్యమైన గుండె ఈ అదనపు రక్తాన్ని తేలికగా ముందుకు నెట్టివేస్తుంది. బలహీనపడిన గుండెకు అది సాధ్యం కాకపోతే రక్తం వెనుకకు, ఊపిరితిత్తులలోకి ఒత్తిడి పెంచుతుంది. ఒంటికి కలిగే శ్రమ ఏమీ లేకపోయినా ఇది జరుగుతుంది. నీటిలో హాయిగా తేలుతున్న మనిషికి గుండెపై అదనపు భారం పడినట్లు తెలియదు.

దీనికి గొట్టం తోడవుతుంది. ముఖం నీటిలో ఉంచి గొట్టం ద్వారా గాలి పీల్చుకోవడం బయట పీల్చినంత సులభం కాదు. ఛాతీ నీటి ఒత్తిడిలో ఉంటుంది, గాలి మాత్రం ఇరుకైన గొట్టం గుండా పైనుండి రావాలి. స్నార్కెల్ గొట్టాన్ని ఒక మీటరు పొడవు చేసుకొని లోతుకు వెళ్ళవచ్చు కదా అని పిల్లలు అడుగుతుంటారు. ఒక మీటరు లోతున నీటి ఒత్తిడి సుమారు 75 మిల్లీమీటర్ల పాదరసం. దానిని ఎదిరించి ఊపిరి తీయడం మన శ్వాస కండరాలకు దాదాపు అసాధ్యం. అందుకే ఆ గొట్టం జానెడున్నర పొడవే ఉంటుంది. అంత చిన్న గొట్టంతో కూడా ప్రతి ఊపిరికీ కొంత ఎక్కువ బలం పెట్టి పీల్చాలి. అలా పీల్చినప్పుడు ఛాతీలో ఏర్పడే ఋణ పీడనం రక్తనాళాల నుండి ద్రవాన్ని ఊపిరితిత్తుల గాలి గదులలోకి లాగగలదు. అప్పటికే రక్తంతో నిండి ఉన్న ఊపిరితిత్తులకు ఇది రెండో దెబ్బ. మనిషి నీటిని మింగకుండానే, లోపలి నుండే మునగడం మొదలవుతుంది.

హవాయి రాష్ట్రంలో ఏటా సందర్శకులు స్నార్కెలింగ్ చేస్తూ మరణిస్తుండడంతో అక్కడి ఆరోగ్యశాఖ ప్రత్యేకంగా ఒక అధ్యయనం చేయించింది. ఈ విధంగా ఊపిరితిత్తులలోకి నీరు చేరడం ఆ మరణాలలో అనేకానికి కారణం కావచ్చునని ఆ అధ్యయనం తేల్చింది. గొట్టంలో గాలికి కలిగే అడ్డంకి, గుండె జబ్బు, శ్రమ, ఈ మూడూ ప్రమాదాన్ని పెంచే అంశాలు. చేతులు కొట్టుకోవడం, కేకలు వేయడం వంటివి ఏవీ ఉండకపోవచ్చు. ముఖం నీటిలో పెట్టి తేలుతున్న మనిషి చేపలను చూస్తున్నాడని పక్కవారు అనుకుంటారు. ఈత వచ్చినవాడు పడవకు దూరంగా, ధైర్యంగా వెళతాడు కనుక అతనిని గమనించేవారు ఇంకా తక్కువ.

బావగారు ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంత శాతం మందికి అవుతుంది?" అని అడిగారు. ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. శాతం నా దగ్గర లేదు, ఆయన ఎకో రిపోర్టు మాత్రం ఉన్నది అన్నాను. అప్పుడు వదినగారు కాగితాన్ని తన వైపు తిప్పుకొని, గుండె జబ్బు అన్న చోట "ఉన్నది" అని గీత పెట్టి, మందుల పేర్లన్నీ పొందికగా రాసి ఇచ్చేశారు. మరునాడు పడవ సిబ్బంది ఆ కాగితం చూసి, ఆయన పడవపై రావచ్చునని, నీటిలో దిగడానికి వీలులేదని మర్యాదగా చెప్పారు. రేవు నుండి బయలుదేరిన తరువాత చాలాసేపు ఆయన నాతో మాట్లాడలేదు.

కాటమరాన్ అంటే రెండు సన్నని పడవ గర్భాలను పక్కపక్కన కలిపి, పైన తెరచాప కట్టిన వాహనం. తమిళుల "కట్టుమరం" అన్న మాట ఇంగ్లీషువారి నోట కాటమరాన్ అయింది. మన మత్స్యకారుల తెప్ప కూడా ఆ జాతిదే, దుంగలను తాళ్ళతో బిగించి కట్టినది. రెండు గర్భాల పడవను నిర్మించినవారు పసిఫిక్ దీవుల నావికులు, పేరు మాత్రం మన తీరానిది. ఈ పడవ అటూ ఇటూ ఒరగడం తక్కువ. అయినా లంగరు వేసి నిలిచినప్పుడు కొందరికి కడుపులో తిప్పుతుంది. దానికి వాడే మాత్రలు చాలావరకు మత్తు కలిగించేవి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులకు వాటివలన మూత్రం బంధించవచ్చు, కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికి కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. మన వయసువారు వాటిని డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. నేను అల్లం ముక్క బుగ్గన పెట్టుకొని గడిపేశాను.

బక్ ఐలాండ్ అనే చిన్న దీవి పక్కన, టర్టిల్ కోవ్ అనే చోట పడవ ఆపారు. "ఈత రానివారు ఎవరు?" అని అడిగారు. పదిమంది ముందు చేయి ఎత్తడానికి మొహమాటపడకండి. చేయి ఎత్తినవారికి ఒక మనిషి తోడు వస్తాడు. నాకు ఒక యువతి తోడు వచ్చింది. ఊది గాలి నింపే చొక్కా వేసి, నడుము పట్టీ బిగించి, చంకల కింద నురుగు గొట్టం ఒకటి పెట్టింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కనుక మంచినీటిలో కంటే ఒళ్ళు కొంచెం తేలికగానే తేలుతుంది. నిచ్చెన చివరి మెట్టు వదలిన తరువాత మునగలేదన్న నమ్మకం కలగడానికి నాకు ఒక నిమిషం పట్టింది.

అసలు ఇబ్బంది ముఖం నీటిలో పెట్టినప్పుడు మొదలైంది. మొదటి మూడు ఊపిరులు పైపైన, వేగంగా వచ్చాయి. ఇక్కడొక లెక్క ఉన్నది. మనం మామూలుగా పీల్చే ఊపిరి సుమారు 500 మిల్లీలీటర్లు. అందులో 150 వరకు ముక్కు, శ్వాసనాళాలలోనే నిలిచిపోతుంది, రక్తానికి ఉపయోగపడదు. గొట్టం మరికొంత ఖాళీని దానికి కలుపుతుంది. భయంతో చిన్న చిన్న ఊపిరులు తీస్తే వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తాము. బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, అది మరింత ఆయాసాన్ని, ఆయాసం మరింత భయాన్ని తెస్తుంది. వెంటనే తల పైకెత్తి, గొట్టం ఉమ్మివేసి, నిచ్చెన పట్టుకొని నిలిచాను. నాలుగు వరకు లెక్కపెడుతూ పీల్చి, ఆరు వరకు లెక్కపెడుతూ వదిలాను. ఆ యువతి తొందరపెట్టలేదు. మూడోసారికి కుదిరింది. నోరు, ముక్కు కలిపి మూసే పూర్తి ముఖపు ముసుగులు కూడా దొరుకుతున్నాయి. నాకు అవి ఇష్టం లేదు. చిన్న గొట్టాన్ని ఉమ్మివేయడానికి ఒక క్షణం చాలు, ముసుగు తీయడానికి రెండు చేతులు కావాలి.

కట్టుడు పళ్ళు ఉన్నవారికి గొట్టం కొరికి పట్టడం కష్టం, వదులు సెట్టు అయితే సముద్రం పాలవుతుంది. మీసం దట్టంగా ఉంటే అద్దం అంచు నుండి నీరు లోపలికి కారుతుంది. నా మీసం ఆ ఉదయమే కత్తెరకు బలి అయింది. కళ్ళజోడు అద్దం లోపల పట్టదు, పవర్ ఉన్న అద్దాలను ముందుగా అడిగి తీసుకోవాలి. వీపుకు ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పగడపు దిబ్బలకు హాని చేస్తాయని కొన్ని రకాల సన్‌స్క్రీన్ క్రీములను ఆ దీవులలో 2020 నుండి నిషేధించారు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో దిగకూడదు. తిరుగు ప్రయాణంలో పడవపై ఉచితంగా పోసే రమ్ము జోలికి నీటిలో దిగడానికి ముందు ఎవరూ పోకూడదు.

నేను చూసినది ఒక్క తాబేలు. పచ్చ తాబేలు జాతిది. సముద్రపు అడుగున గడ్డి మేస్తున్నది, అచ్చం మన ఊరి గేదె వలె తాపీగా. నీటిలో వస్తువులు ఉన్నదానికంటే పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి కనుక అది తప్పెట పళ్ళెమంత ఉన్నదో బండి చక్రమంత ఉన్నదో చెప్పలేను. వాటిని తాకడం అమెరికా చట్టం ప్రకారం నేరం. కొంతసేపటికి అది మెల్లగా పైకి వచ్చి, తల బయట పెట్టి, ఒక్క ఊపిరి తీసుకొని మళ్ళీ కిందికి పోయింది. గొట్టం లేకుండా అంత నిదానంగా ఊపిరి తీయడం చూసి నాకు అసూయ కలిగింది. ఇరవై నిమిషాలకు మించకుండా పైకి వచ్చేశాను. నీటిలో ఉన్నప్పుడు అకారణంగా ఆయాసం గాని, కాళ్ళూ చేతులూ సత్తువ తప్పినట్లు గాని, దగ్గు గాని వస్తే గొట్టం తీసివేసి, వెల్లకిలా తిరిగి, చేయి పైకెత్తి పిలవాలి. కాసేపు చూద్దామని ఆగకూడదు.

బావగారు పడవ ముందు భాగంలో కట్టిన వలపై బోర్లా పడుకొని కిందికి చూస్తున్నారు. ఆయనకు మూడు తాబేళ్ళు కనిపించాయట. ఆ మాట చెప్పడానికే నాతో మళ్ళీ మాట్లాడారు.

ఆయన దిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏమీ కాకపోయే అవకాశమే ఎక్కువ అని నేనే ఆయనతో అన్నాను. ఆపిన ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో సగం ఇలాంటి సలహాలే ఇచ్చి ఉంటాను, వాటికి కృతజ్ఞతల కంటే కోపాలే ఎక్కువ దక్కాయి. ఇలాంటి విహారానికి డబ్బు కట్టే ముందు ఈత వచ్చా రాదా అని కాక, రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. గుండెపోటు, స్టెంటు, బైపాస్, గుండె వైఫల్యం, అదుపులో లేని రక్తపోటు, ఆస్తమా ఉన్నవారు తమ డాక్టరుకు "స్నార్కెలింగ్" అన్న మాటే చెప్పి అడగండి. "ప్రయాణం చేయవచ్చా?" అని మాత్రం అడిగితే ఆయన విమానం గురించే ఆలోచించి సరేనంటారు.

తిరిగి వచ్చాక బావగారు రాజమహేంద్రవరంలో తన గుండె వైద్యుని కలిశారు. మందులు కొంత మార్చారు. ఆరు నెలల తరువాత మళ్ళీ ఎకో తీస్తారు. శాతం యాభై దాటితే పిల్లలచేత మళ్ళీ టిక్కెట్లు కొనిపిస్తానని, ఈసారి వలపై పడుకొనేది నేనేనని ఆయన ఇప్పటి నుండే చెబుతున్నారు. శాతం ఒక్కటే చాలదని, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా కావాలని నేను అంటున్నాను. దానిపై బేరం ఇంకా సాగుతున్నది.