పెన్షన్ డబ్బుతో గోల్ఫా!

అక్టోబర్‌లో మజిల్ షోల్స్ వెళ్దామని ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నా.
అలబామాలో, టెనెసీ నది ఒడ్డున రెండు గోల్ఫ్ కోర్సులు. ఒకటి ఫైటింగ్ జో, 8 వేల గజాలు దాటుతుంది. నాలాంటివాడు ముందు టీల నుంచి కొడితేనే పరువు దక్కేది!

రెండోదాని పేరు స్కూల్‌మాస్టర్.
అది వినగానే నాన్న కళ్లజోడు సర్దుకుంటూ వచ్చేశారు. రిటైర్డ్ హెడ్మాస్టర్ కదా.
"ఎవరు కట్టార్రా ఇదంతా?"

అక్కడి టీచర్లు, ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధి, నాన్నా. రాష్ట్రమంతా ఇలాంటి కోర్సులు వేసింది. డేవిడ్ బ్రోనర్ అనే ఆయన ఆలోచన. జనం వస్తారు, ఊళ్లు బాగుపడతాయి అని.

"మా డబ్బుతో గోల్ఫా!" అన్నారు, అక్కడి పంతుళ్ల తరఫున.
కాసేపాగి, "మరి మీ చెల్లి జీతంలోంచి కోసే సీపీఎస్ పెన్షన్ డబ్బు ఎక్కడ పెడుతున్నారో?"
ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న. నెలనెలా కోత పడుతోందని తిట్టుకోవడమే తప్ప.

మా ఆవిడకి ఇవేం పట్టలేదు. పక్కనే టస్కంబియాలో హెలెన్ కెల్లర్ పుట్టిన ఇల్లు, అక్కడి నీళ్ల పంపు చూడాలట. సరే, ఒక పూట అటు.

అటువైపు ఆడొచ్చినవాళ్లున్నారా? నది పక్క గాలి ఎలా ఉంటుందో చెప్పండి.
సీపీఎస్ సంగతి తెలిసినవాళ్లు కూడా!